పాత కారు చవగ్గా కొంటున్నారా? చేయవలసినవి – చేయకూడనివి

లక్షన్నర, రెండు లక్షలు, మహా అయితే మూడు లక్షలు. మన ఊళ్లలో చాలా ఇళ్లకు మొదటి కారు ఈ ధరలోనే వస్తుంది. పదేళ్లో పన్నెండేళ్లో తిరిగిన ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, ఐ10, స్విఫ్ట్ లాంటి బండి. పిల్లల్ని వానలో తడవకుండా బడికి దింపాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పండక్కి అందరూ కలిసి ఊరెళ్లాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కొత్త కారు ధర మొదటి కొన్నేళ్లలోనే బాగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమాని భరించేశాడు కాబట్టి, చూసి కొనుక్కున్నవారికి పాత కారు నిజంగానే లాభసాటి బేరం.

అయితే కారు ధర అంటే అమ్మేవారి చేతిలో పెట్టే డబ్బొక్కటే అనుకోవద్దు. ఆ బండికి నమ్మకమైన బ్రేకులు, గట్టి టైర్లు, మీ పేరున ఆర్సీ, మీ పేరున ఇన్సూరెన్సు సమకూరి, ఇంటిల్లిపాదీ భయం లేకుండా ఎక్కే రోజుకు అయ్యే మొత్తం ఖర్చే దాని అసలు ధర. లక్షకు కొని ఎనభై వేలు పోసిన బండి కన్నా, లక్షన్నరకు కొని పదివేలతో సరిపెట్టుకున్న బండే చవక. ఈ జాగ్రత్తలన్నీ ఆ లెక్క మీద రాసినవే.

1. బండి చూడకముందే వేసుకోవాల్సిన లెక్క

చేయవలసినవి

• దగ్గరున్న డబ్బులో పావు వంతు ముందే పక్కన పెట్టండి. రెండు లక్షలుంటే మీరు వెతకాల్సింది లక్షన్నర బండి. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు, ఆయిళ్లు, పేరు మార్పిడి రుసుము, ఇన్సూరెన్సు అన్నీ మొదటి నెలలోనే మీద పడతాయి. డబ్బు చాలక టైర్లు తర్వాత చూద్దాం అనుకున్న చోటే ప్రమాదం మొదలవుతుంది.

• మీ ఊళ్లో విడిభాగాలు దొరికే, మీ మెకానిక్ చేయి తిరిగిన మోడల్‌నే ఎంచుకోండి. క్లచ్ ప్లేటు, హెడ్‌లైటు, డోరు అద్దం ఎంతకు వస్తాయో, ఎన్నాళ్లలో వస్తాయో బండి చూడటానికి ముందే షాపులో అడగండి. ఈ మూడు ధరలు తెలిస్తే ఆ మోడల్‌తో కాపురం ఎలా ఉంటుందో సగం తెలిసినట్టే.

• రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 15 ఏళ్లు లెక్కపెట్టండి. 2012 జూన్‌లో రిజిస్టరైన సొంత కారుకు ఆర్సీ 2027 జూన్ వరకే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి, ఒక్కో విడతలో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. దీనికి హరిత పన్ను అదనం. గడువు దగ్గరపడ్డ బండి అయితే ఈ ఖర్చంతా బేరంలో తగ్గించి అడగండి.

• అదే తరహా కొత్త కారు ఈరోజు ఎంతుందో తెలుసుకోండి. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధరా దిగాలి. అంతకుముందు నాటి ధర చూపించి బేరమాడేవారికి ఈ మాట గుర్తుచేయండి.

చేయకూడనివి

• చిన్న కారు ధరకే వస్తోందని పాత ఖరీదైన విదేశీ సెడాన్ జోలికి వెళ్లకండి. బండి ధర పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోదు. ఒక్క సస్పెన్షన్ పనికే కారు ఖరీదులో సగం అయిపోయే బళ్లున్నాయి.

• తయారీదారు మన దేశం నుంచి వెళ్లిపోయిన బండిని విచారించకుండా కొనకండి. షెవర్లే కార్ల అమ్మకం 2017 చివర్లో ఆగింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. వీటిలో గట్టి బళ్లున్నాయి, ధర కూడా తక్కువే. కానీ ఆ మోడల్ మీద పనిచేసే మెకానిక్, సామాను దొరికే షాపు మీకు అందుబాటులో ఉంటేనే అది లాభం.

• నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు కూడా తిరగనివారు మైలేజీ ఆశతో పాత డీజిల్ కొనకండి. ఇంజెక్టర్లు, టర్బో, ఫ్యూయెల్ పంపు ఒక్కసారి మొరాయిస్తే కొన్నేళ్లుగా ఇంధనం ఖర్చులో మిగిలిన డబ్బంతా ఒక్క బిల్లులో పోతుంది.

2. ఏ సంవత్సరం బండి? ప్రాణానికి సంబంధించిన ప్రశ్న

ఒకే ధరకు రెండు కార్లు కనిపిస్తే చాలామంది రంగు, మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ చక్రాలు చూసి తేల్చుకుంటారు. చూడాల్సింది తయారైన నెల, వేరియంటు. మన దేశంలో కార్లకు భద్రతా పరికరాలు ఒక్కొక్కటిగా తప్పనిసరి అయ్యాయి. ఆ తేదీలు గుర్తుంటే అదే డబ్బుకు మెరుగైన రక్షణ దొరుకుతుంది.

చేయవలసినవి

• ఈ తేదీలు రాసిపెట్టుకోండి. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా తయారయ్యే అన్ని కార్లకూ తప్పనిసరి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జూలై నుంచి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2022 జనవరి నుంచి. బడ్జెట్ కాస్త సాగితే 2019 జూలై తర్వాతి బండికి ప్రయత్నించండి.

• అంతకన్నా పాత బండే కొనగలిగితే, అదే మోడల్‌లో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉన్న పై వేరియంటు కోసం ఓపిగ్గా వెతకండి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగుల్లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గుద్దించి పరీక్షిస్తే, పెద్దల రక్షణలో అన్నిటికీ సున్నా స్టార్లే వచ్చాయి. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. పాత బండ్ల సంతలో ఈ రెండు రకాలకూ ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్ది డబ్బూ పెట్టాల్సింది ఇక్కడే.

• తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం, ఏబీఎస్ దీపం వెలగాలి, కొద్ది క్షణాలకు రెండూ ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎయిర్‌బ్యాగు పేలిపోయిన బండికి కొత్తది వేయకుండా దీపాన్నే తీసేసిన సందర్భం కావచ్చు.

• పాత హోండా సిటీ, సివిక్, జాజ్ వంటివి చూస్తుంటే ఛాసిస్ నంబరు చెప్పి, తకాటా ఎయిర్‌బ్యాగు రీకాల్ పని పూర్తయిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఆ ఎయిర్‌బ్యాగు లోపలి రసాయనం ఏళ్ల తరబడి వేడిలో, తేమలో ఉంటే పాడై, తెరుచుకునే సమయంలో ఇనుప ముక్కలు విసిరే ప్రమాదం ఉంది. ఉక్కపోత తగ్గని కోస్తా జిల్లాల్లో తిరిగిన బండికి ఈ విచారణ మరీ అవసరం. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు.

చేయకూడనివి

• వెనక సీటు బెల్టులు కవర్ల కింద కూరుకుపోయి ఉంటే పోనీలే అనుకోకండి. అన్నీ బయటికి లాగి, బిగించి, విడదీసి చూడండి. మీ పిల్లలు కూర్చునేది అక్కడే.

• బెల్టు పెట్టుకోకపోయినా కూత రాకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులు బండిలో ఉంటే వాటిని అలాగే ఉంచకండి, కొన్న రోజే పారేయండి.

3. కాగితాలు: బండి కన్నా ముందు ఇవి

చేయవలసినవి

• ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద చెక్కిన వాటితో అక్షరం అక్షరం పోల్చండి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి రండి.

• యజమాని పేరు, ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటివరకు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా అన్నవి రవాణా శాఖ వెబ్‌సైట్లో స్వయంగా చూసుకోండి. పోలీసు శాఖ చలానా వెబ్‌సైట్లో బండి నంబరు కొట్టి, బాకీ ఉన్న చలానాలన్నీ అమ్మేవారితోనే కట్టించండి.

• ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, సంతకాలు చేసిన ఫారం 35 తీసుకోండి. అప్పు తీరిపోయిందన్న నోటిమాట చాలదు. ఆ ఫైనాన్స్ నమోదు (హెచ్‌పీ) తొలగిన ఆర్సీ చూశాకే పూర్తి సొమ్ము ఇవ్వండి.

• పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకు ఫారం 31తో మారాలి. ఆ పని జరగని బండిని వారసుల్లో ఒక్కరి మాట మీద కొంటే రేపు మిగతావారితో తగాదా మీ గుమ్మం ఎక్కుతుంది.

• పొరుగు రాష్ట్రం బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన జీవితకాల పన్ను, కొత్త నంబరు ఖర్చు కలిపి లెక్కేయండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద విధించిన ఆంక్షల కారణంగా అక్కడి కార్లు చవగ్గా మన వైపు వస్తుంటాయి. పన్ను కలిపాక ఆ చవక ఎంత మిగులుతుందో ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

• 2014 జూన్‌కు ముందు హైదరాబాద్, వరంగల్, ఖమ్మం బళ్లకు కూడా ఏపీ నంబర్లే ఉండేవి. కాబట్టి నంబరు ప్లేటు చూసి ఊరు నిర్ణయించకండి. బండి ఇప్పుడు ఏ రాష్ట్రం రికార్డులో ఉందో ఆర్సీలో చూసుకుంటేనే ఎన్‌ఓసీ అవసరమో కాదో తేలుతుంది.

చేయకూడనివి

• సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇస్తాం, పేరు తర్వాత మార్చుకోండి అనే మాటకు ఒప్పుకోకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. ప్రమాదంలో పరిహారం బాధ్యత కూడా ఆర్సీలో పేరున్నవారిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. మీకు బండి అమ్మినవారికి, రేపు మీరు అమ్మినప్పుడు మీకు కూడా ఇది వర్తిస్తుంది.

• పాత యజమాని ఇన్సూరెన్సు ఇంకా ఆరు నెలలుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ రక్షణ మీకు బదిలీ అయినట్టే చట్టం చూస్తుంది గానీ, మీ బండికి జరిగే నష్టం పాలసీ మీ పేరున మారితేనే దక్కుతుంది. 14 రోజుల్లో దరఖాస్తు చేసుకోండి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినవారి బోనస్ మీకు రాదు.

4. వరద బండి, దెబ్బతిన్న బండి, మీటరు తిప్పిన బండి

చవక ధరకు వెనక దాగే కారణాల్లో ఈ మూడూ ముఖ్యమైనవి. 2015లో చెన్నైలో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది బళ్లు నీళ్లలో మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలియదు. తుప్పు మాత్రం వైర్ల కొసల్లో, ఎయిర్‌బ్యాగు కనెక్టర్లలో నెలల తరబడి మెల్లగా పనిచేస్తూ ఉంటుంది.

చేయవలసినవి

• సీటు బెల్టును చివరి వరకు బయటికి లాగండి. ఎప్పుడూ లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి భాగంలో బురద మరక కనిపిస్తే బండి మునిగిందని అర్థం. సీట్ల కింది పట్టాలు, వాటి బోల్టులు తుప్పుపట్టాయా, కార్పెట్ ఎత్తితే కింద మట్టి ఉందా, స్టెప్నీ గుంటలో ఒండ్రు పేరుకుందా, హెడ్‌లైట్ల లోపల నీటి చారలున్నాయా చూడండి.

• డోర్ల రబ్బరు బీడింగ్ లాగి లోపలి వెల్డింగ్ చుక్కలు చూడండి. కంపెనీ వెల్డింగ్ వరసగా, సమాన దూరంలో ఉంటుంది. చేత్తో చేసిన వెల్డింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. బానెట్, ఫెండర్ బోల్టుల మీద రంగు చెదిరిందా, డోర్ల మధ్య సందు అన్ని వైపులా సమంగా ఉందా, ఒక ప్యానెల్ రంగు పక్కదానితో కలవడం లేదా? బంపర్ గీతలకు భయపడక్కర్లేదు. డోర్ల పక్క స్తంభాలు, ఇంజన్‌ను మోసే ముందు బీములు నలిగి టింకరింగ్ అయిన బండి మాత్రం రెండోసారి గుద్దుకుంటే మిమ్మల్ని కాపాడలేదు.

• కిలోమీటర్లను మీటరు మాట మీద నమ్మకుండా సర్వీసు చరిత్రతో పోల్చండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో యజమాని సమక్షంలో బండి నంబరు చెబితే, ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో చూపిస్తారు. మీటరు 45,000 చూపిస్తుంటే పెడల్ రబ్బరు నున్నగా, స్టీరింగ్ తోలు ఊడి, డ్రైవర్ సీటు కుంగి ఉండటానికి వీల్లేదు.

• విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన బండిని లిఫ్టు మీద ఎత్తించి అడుగు భాగం చూడండి. ఉప్పుగాలికి జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింది అంచులు, అడుగు రేకు ముందుగా పోతాయి.

చేయకూడనివి

• బండి మునిగింది గానీ అంతా బాగుచేయించాం అన్నా, ఎంత తగ్గించినా కొనకండి. వరద బండికి సరైన ధర లేదు.

• టాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారిన బండిని ఇంటి బండి ధరకు కొనకండి. ఆర్సీ చరిత్రలో ఆ మార్పు ఉంటుంది, అడిగి చూడండి.

5. నిలబెట్టి చూడాల్సినవి

చేయవలసినవి

• మీరు నమ్మే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, లేదా బండిని ఆయన షెడ్డుకే రప్పించండి. ఆయన కూలి ఇవ్వండి, బండి కొన్నా కొనకపోయినా. ఇంతకన్నా లాభం తెచ్చే ఖర్చు ఈ వ్యవహారం మొత్తంలో లేదు.

• ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీ కళ్లముందే స్టార్ట్ చేయించండి. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి కారుతూ ఉండవచ్చు. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి.

• రేడియేటర్‌లో రంగు కూలెంట్ ఉందా, బోరు నీళ్లు పోశారా చూడండి. మన జిల్లాల్లో బోరు నీటి ఉప్పు, సున్నం రేడియేటర్ లోపల గడ్డకడతాయి. మే నెల ఎండలో ఆ ఇంజన్ మరిగిపోతుంది.

• ఆ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉందా, టైమింగ్ చైన్ ఉందా అని అడగండి. పాత శాంత్రో, 1.1 లీటర్ ఐ10, పాత 2.5 లీటర్ డీజిల్ ఇన్నోవాల్లో బెల్టు ఉంటుంది. అది నడుస్తుండగా తెగితే బండి రోడ్డు మధ్యలో ఆగడమే కాదు, ఇంజనే దెబ్బతినవచ్చు. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించండి.

• టైరు పక్కన నాలుగు అంకెలు చదవండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైనదని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు పని అయిపోయినట్టే. గాడి బాగున్నా ఆరేళ్లు దాటిన టైర్లకు, పక్కల పగుళ్లున్న టైర్లకు కొత్తవాటి ధర లెక్కేసుకోండి. స్టెప్నీని మరవకండి.

• ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్రేకు పెడల్‌ను గట్టిగా నొక్కి అరనిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే బ్రేకు ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ పాడైంది. ఆ బండిని బాగుచేయకుండా రోడ్డెక్కించకూడదు.

• పెట్రోల్ గొట్టాలు, రబ్బరు సీళ్లు వేలితో తడిమి, వాసన చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లు దానికి తగ్గట్టుగా ఉంటాయి. అంతకుముందు వాటిలో వయసు మీరిన రబ్బరు ఉంటే కొత్తది వేయించడం మంచిది.

చేయకూడనివి

• ఆర్సీలో నమోదు కాని గ్యాస్ కిట్ ఉన్న బండిని కొనకండి. వంట గ్యాస్ నింపి నడిపిన ఆనవాళ్లు ఏ కొంచెం కనిపించినా బండి దగ్గరే ఉండకండి. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన ఒత్తిడి పరీక్ష సర్టిఫికెట్ అడగండి.

• వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవకండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి.

• హారన్లకు, లైట్లకు, మ్యూజిక్‌కు అడ్డదిడ్డంగా కోసి టేపు చుట్టిన వైర్లను చిన్న విషయంగా తీసుకోకండి. పాత కార్లలో మంటలకు అవి పెద్ద కారణం. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించే ఖర్చు ముందే అడగండి.

6. నడిపి చూసేటప్పుడు

చేయవలసినవి

• ఇన్సూరెన్సు చెల్లుబాటులో ఉందని చూశాకే స్టీరింగ్ పట్టుకోండి. మీ లైసెన్సు మీ జేబులో ఉండాలి. ఇన్సూరెన్సు లేని బండి నడిపితే మొదటిసారికే 2,000 రూపాయల జరిమానా, పైగా ప్రమాదం జరిగితే పరిహారం మీ నెత్తిన పడుతుంది.

• కనీసం అరగంట నడపండి. ఎగుడుదిగుడు వీధి, ఎత్తు రోడ్డు, ఖాళీ హైవే మూడూ ఉండేలా చూసుకోండి. ఖాళీ చోట నలభై వేగంలో బ్రేకు నొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిపితే చక్రాల దగ్గర టకటక శబ్దం రాకూడదు. ఎత్తులో హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే బండి జారకూడదు.

• ట్రాఫిక్‌లో ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టండి. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉండాలి, రేడియేటర్ ఫ్యాను తిరగాలి. చీకటి పడ్డాక ఒకసారి హెడ్‌లైట్లు, వైపర్లు, బ్రేకు లైట్లు చూడండి.

చేయకూడనివి

• మ్యూజిక్ వేసుకుని నడపకండి. బండి తన జబ్బు శబ్దంలోనే చెబుతుంది.

• అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్‌ను చూసి నిర్ణయించకండి. బానెట్ మీద చేయి వేసి చూడండి. వేడిగా ఉంటే మరో రోజు రండి.

7. బేరం, సొమ్ము

చేయవలసినవి

• కనిపెట్టిన లోపాలన్నీ కాగితం మీద రాసి, మెకానిక్ చెప్పిన ఖర్చు పక్కన వేసి, మర్యాదగా చూపించి బేరమాడండి. టైర్లకు ఇంత, క్లచ్‌కు ఇంత అన్న లెక్క ముందుంటే అమ్మేవారూ కాదనలేరు.

• సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే అమ్మకానికి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. బండి చేతికొచ్చిన తేదీ, గంట, కిలోమీటర్లు రాసిన డెలివరీ నోట్ మీద ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ గంటకు ముందు జరిగిన దానికి వారు, తర్వాతి దానికి మీరు బాధ్యులని మీ ఇద్దరి మధ్య ఆ కాగితం రుజువుగా ఉంటుంది, ప్రమాద పరిహారం విషయంలో మాత్రం ఆర్సీలో పేరే లెక్క.

• పాత కార్ల వ్యాపారి దగ్గర కొంటే రవాణా శాఖ ఇచ్చిన అధీకృత డీలర్ ధ్రువపత్రం అడగండి. 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం ఈ ధ్రువపత్రం నిబంధనను అమలుచేస్తోంది.

చేయకూడనివి

• బండి చూడకుండా బయానా పంపకండి. సైనికుడినని, బదిలీ అయిందని, కారు విమానాశ్రయంలో ఉందని చెప్పి అడ్వాన్సు అడిగే మోసం ఏళ్లుగా నడుస్తోంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

• నగదు పట్టుకుని ఒంటరిగా, రాత్రిపూట, తెలియని చోటికి వెళ్లకండి. ఈరోజే తేల్చండి, వేరే పార్టీ వస్తోందన్న తొందరకు లొంగకండి. అలాంటి కారు మరోటి వస్తుంది.

8. కొన్న మొదటి నెల

చేయవలసినవి

• ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ అన్నీ మార్చండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే ఘాట్ రోడ్డులో వేడెక్కి బ్రేకు పట్టు సడలుతుంది. రెండేళ్లకోసారి మార్చడం అలవాటు చేసుకోండి.

• వీల్ అలైన్‌మెంట్ చేయించండి. బ్యాటరీ చూపించండి. పాత యజమాని ఫాస్టాగ్ మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి.

• మీ పేరున ఆర్సీ వచ్చేవరకు వారానికోసారి దాని గురించి అడుగుతూనే ఉండండి.

చేయకూడనివి

• మొదటి నెలలోనే కుటుంబంతో తిరుమలకో శ్రీశైలానికో ఘాట్ ప్రయాణం పెట్టుకోకండి. ముందు ఊళ్లో, తర్వాత దగ్గర ఊళ్లకు నడిపి బండి స్వభావం తెలుసుకోండి.

• మరమ్మతులకు దాచిన డబ్బును సీటు కవర్లకు, స్పీకర్లకు ఖర్చుపెట్టకండి.

ఏ ధరకైనా వదిలేయాల్సిన బండి

నీళ్లలో మునిగిన బండి. ఛాసిస్ నంబరు కలవని బండి. స్తంభాలు, బీములు నలిగి అతికిన బండి. ఫైనాన్స్ తీరని, పేరు మార్చడానికి యజమాని ముందుకు రాని బండి. నమోదు కాని గ్యాస్ కిట్ బండి. మెకానిక్‌కు చూపించడానికి, నడిపి చూడనివ్వడానికి ఒప్పుకోని మనిషి బండి. వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా బేరం అక్కడితో ఆపేయండి. అప్పటికే ఇచ్చిన బయానా పోయినా సరే, అక్కడితో పోయింది అనుకోండి.

మిగతా లోపాలన్నీ డబ్బుతో సరిదిద్దుకోగలిగేవే. ఆ డబ్బు ఎంతో ముందే తెలుసుకుని, ధరలో తగ్గించుకుని, కొన్న వెంటనే ఖర్చుపెడితే, పన్నెండేళ్ల కారు కూడా మరికొన్నేళ్లు మీ ఇంటిని నమ్మకంగా మోస్తుంది. గీతలు పడ్డ రంగు గురించి చుట్టాలు ఏమన్నా పట్టించుకోకండి. కొత్త రంగు కన్నా కొత్త టైర్లకు ముందు డబ్బు పెట్టిన ఇల్లే సరిగ్గా ఆలోచించిన ఇల్లు.